ఓరుగంటి పూటకూటిల్లు - దానిని నడపినవారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. నేను గ్రామ లెక్కలు వ్రాసికొని జీవించువాడనే గాని పండితుడను గాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలును ఈ గ్రంథాలయపు బీరువాలు నేర్పినవే. కావున రాజుల జయాపజయములను చరిత్రకారులకు విడిచిపెట్టి, లెక్కలవానికి తగిన ప్రశ్న యొకటి తీసికొంటిని. పూర్వము పట్టణమునకు పనిమీద వచ్చిన పరదేశికి ఆకలియైనపుడు అతడెచ్చట భుజించెను? అందులకు ఎంత చెల్లించెను? అతనికి విస్తరి వేసి వడ్డించినవారెవరు?

ఈ ప్రశ్నకు మన సారస్వతమున సమాధానమొకటి కలదు. అది సుమారు ఏడువందల యేండ్లనాటి ఓరుగల్లు పట్టణమున, నేడు జాడయైనను లేని యొక యింటిలో నున్నది. ఆ యింటిని పూటకూటిల్లు అనిరి.

పూటకూడు అనగా పూటకింత యని వెల యిచ్చి తిను కూడు. గూడు గూళ్ళైనట్లు కూడు కూళ్ళైనది. కనుక ఆ యిల్లు పూటకూళ్ళ యిల్లు, దానిని నడపు ఇల్లాలు పూటకూళ్ళమ్మ. హోటలు అనినంతనే నేటివారికి అర్థమగును గాని రెంటికిని భేదమున్నది. హోటలు అంగడి. పూటకూటిల్లు మొదట ఇల్లు, పిమ్మట అంగడి. కాపురమున్న యింటనే, ఆ యింటి పొయ్యిమీదనే, ఆ యింటివారే వండి, వచ్చినవారిని పీటవేసి కూర్చుండబెట్టి వడ్డించి, లేచిన తరువాత వెల పుచ్చుకొందురు.

క్రీడాభిరామము

ఈ ఇంటిని మనకు చూపిన గ్రంథము క్రీడాభిరామము. ఇది వీథి యను రూపక జాతికి చెందినది. వినుకొండ వల్లభరాయని పేర ప్రచారములో నున్నది. శ్రీనాథుడే దీనిని రచించెనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పెద్దలు వాదించిరి. కర్తృత్వ వివాదమెట్లున్నను, రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన ప్రేమాభిరామము దీనికి మూలమనుట అందరును అంగీకరించిన విషయము. ఆ సంస్కృత మూలము నేడు లభించుట లేదు.

కథ మిక్కిలి స్వల్పము. గోవింద మంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను వర్తకుడును మిత్రులు. వారిరువురును ఒక దినమున ఓరుగంటి వీథులలో తిరుగుచు కంటబడిన ప్రతి వింతను గూర్చియు ముచ్చటించుకొందురు. కోళ్ళ పందెములు, పొట్టేళ్ళ పోరులు, ఏకవీర గుడి, మైలారుదేవుని భటుల సాహసములు, ప్రతాపరుద్రుని ఆస్థాన వేశ్యయగు మాచల్దేవి చిత్రశాల అన్నియు అందున్నవి. మన సీమకు గర్వకారణమైన పల్నాటి వీరుల కథను పాడువారును ఆ వీథిలోనే వారికి కనబడుదురు. రాజశాసనములలో గానరాని పట్టణపు బ్రతుకు ఇందు కానవచ్చును. సురవరం ప్రతాపరెడ్డిగారు తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రను 1949లో ప్రకటించినపుడు కాకతీయ యుగమునాటి జనుల తిండి, బట్ట, ఆటపాటలకు ఈ గ్రంథమునే ముఖ్యాధారముగా గైకొనిరి. ఆ సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

చదువరులు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు లోబడినది. క్రీడాభిరామము తెలుగున వెలసినది 15వ శతాబ్దపు తొలి భాగమని పండితుల అభిప్రాయము. అనగా ఆ పట్టణపు వైభవము అణగిపోయిన నూరేండ్లకు ఈ తెలుగు కవి దానిని తిరిగి నిలబెట్టెను. కోటలు కూలిన పిమ్మట పూటకూటింటి భోజనమును గూడ మరువక చెప్పిన కవికి మనమెల్లరము ఋణపడియున్నాము.

బాటసారులు ఏల వచ్చిరి?

గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు, ఆయన కుమార్తె రుద్రమదేవి 1289 వరకు, ప్రతాపరుద్రుడు 1323 వరకు ఓరుగల్లు ఏలిరి. ఆ కాలమున ఆ రాజ్యమునకు సముద్రద్వారము మన చీరాల ప్రాంతపు మోటుపల్లి. గణపతిదేవుడు 1244-45లో అచ్చట అభయశాసనము వేయించెను. అంతకుముందు పెనుగాలికి దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును రాజులు తమదిగా చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, ముప్పదింట ఒకవంతు సుంకము మాత్రమే గైకొందునని శిలపై చెక్కించి దేశాంతరుల భయము తీర్చెను. 13వ శతాబ్దపు తుదిలో వెనిసు దేశపు మార్కోపోలో ఈ రేవును పేర్కొని, ఈ దేశపు వజ్రములను, సాలెగూటి దారములవలె సన్నని బట్టలను ప్రశంసించెను.

ఓడ దిగిన వర్తకుడు రేవులోనే నిలువడు. చందనము, కర్పూరము, ముత్యములు కొను ధనికులు రాజధానిలో నుందురు. సరుకు బండ్లకెక్కును, ఎడ్లపైకెక్కును, ఓరుగల్లు చేరును. దానివెంట వర్తకుడు, గుమాస్తా, కూలివాడు. న్యాయము కోరి రాజద్వారమునకు వచ్చువాడు, విద్య చూపి బహుమానము పొందగోరువాడు, గుడికి మ్రొక్కు చెల్లింప వచ్చువాడు - వీరందరికిని ఆ పట్టణమున బంధువులుందురా? ఉన్నను ఎన్నినాళ్ళు భరింతురు? ఊరు పెరిగినకొలది పరదేశి పెరుగును. పరదేశి పెరిగినచోట వెలకు అన్నము దొరుకక తప్పదు.

రూకకు భోజనము

క్రీడాభిరామములో ఆ పూటకూటింటి వంటకములను కవి ఒక్క పద్యమున వరుసగా చెప్పెను. కప్పురభోగి యను సన్నబియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, గడ్డపెరుగు. ఇంతయు కలిపి వెల ఒక్క రూక.

లెక్కలవాడను గనుక ఆ రూక యొద్ద కొంచెము ఆగెదను. కాకతీయులనాటి లెక్కలో పది రూకలు ఒక మాడ. మాడ బంగారు నాణెము. బంగారు నాణెములో పదియవ వంతు ఒక పూట భోజనమునకు చెల్లించుట సామాన్యులకు సాధ్యమగు పని కాదు. గోధుమయు పంచదారయు నాడు ప్రతి ఇంట నుండు వస్తువులు కావు. కావున ఇది వర్తకులును, చేతిలో నాలుగు రూకలు ఆడు రసికులును తిను భోజనమని ఊహింపవలెను. బండి తోలిన కూలివాడు ఊరి వెలుపల చెట్టుక్రింద మూడు రాళ్ళు పేర్చి జొన్నసంకటియో గంజియో కాచుకొనియుండును. కవి దృష్టి వానిపై ప్రసరింపలేదు.

ఇంకొక విశేషము. ఆ విస్తరిలో మిరపకాయ లేదు. ఉండుటకు వీలును లేదు. కొలంబసు 1492లో అమెరికా ఖండము చేరిన తరువాతనే మిరప అచ్చటినుండి బయటి ప్రపంచమునకు వచ్చినది. పోర్చుగీసువారి ఓడలలో మన దేశము చేరినది. ప్రతాపరుద్రుని ప్రజలకు కారమనగా మిరియము, శొంఠి, ఆవపిండి. గుంటూరు మిరపకాయకు పుట్టినిల్లు తామేయని తలచు మనవారు ఈ సంగతి విని నవ్వుకొనవచ్చును గాని, ఓరుగంటి నంజుళ్ళు మిరప యెరుగని నంజుళ్ళు. కాఫీ, టీ, బంగాళాదుంప, టమాటా, ఏదియు ఆ ఇంట లేదు. పెసరపప్పు, నెయ్యి, పెరుగు, అరటిపండు - ఈ నాలుగు మాత్రము నాటినుండి నేటివరకు మన విస్తరి విడిచిపోలేదు. కృష్ణ ఒడ్డున అరటితోటలు పెంచు మన కొల్లిపరవారికి అందులో ఒక భాగమైనను చెందును.

ఒక్కడే పేరు నిలిచినవాడు

ఆ ఇంటి యజమాని పేరు కవి చెప్పెను. అతడు లక్ష్మణవజ్ఝల. వజ్ఝల యనునది బ్రాహ్మణులలో నేటికిని వినబడు ఇంటిపేరు. ఉపాధ్యాయ శబ్దమునుండి వచ్చిన ఒజ్జ అను మాటకు ఇది చుట్టమందురు. చదువు చెప్పిన వంశమువాడు అన్నము అమ్ముటకు ఏల దిగెనో కవి చెప్పలేదు. అతని భార్య పేరును చెప్పలేదు. పొయ్యిముందు కూర్చుండి ఆ కప్పురభోగి వండినది ఏ ఇల్లాలో మనకు తెలియదు. పద్యము చివర యజమాని పేరును, రూకయును మాత్రము నిలిచినవి.

పేరు చెప్పిన కవియే పరిహాసమును చేసెను. పూటకూటింట మన్మథుడు రేయింబవళ్ళు కాపురముండి, జారులకును వారు కోరిన స్త్రీలకును నడుమ రాయబారములు నడపునని చమత్కరించెను. అనగా నాటికే పూటకూటిల్లు అనుమానపు చూపునకు గురియైనది. నలుగురు పరదేశులు వచ్చిపోవు ఇల్లు గనుక ఊరివారి నోరు ఊరకుండదు.

ఈ అనుమానము ఇంకను ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రమున పట్టణమును కనిపెట్టు నాగరికుని విధులు చెప్పు అధ్యాయమున్నది. అందు మద్యమమ్మువాడు, వండిన మాంసమమ్మువాడు, వండిన అన్నమమ్మువాడు, వేశ్య - ఈ నలువురిని ఒక్క వరుసలో నిలిపి, తమకు పరిచితులైనవారినే ఇండ్లలో దిగనిచ్చునట్లు నియమము చేసెను. మితిమీరి ఖర్చుచేయువానిని గూర్చి తెలుపవలెననియు ఆజ్ఞ. మద్యశాలలకు వేరువేరు గదులు, పడకలు, ఆసనములు, నీరు, ఋతువునకు తగిన సౌఖ్యములు ఉండవలెనని కౌటిల్యుడు చెప్పెను. త్రాగి మైమరచినవాని సొత్తు పోయినచో ఆ శాలవాడు నష్టమును, దానికి తోడు జరిమానాను చెల్లింపవలెనని గూడ నిబంధించెను. ఆధునికులు గొప్పగా చెప్పుకొను బాధ్యతయే ఇది.

ధర్మశాస్త్రములు ఇంకను కఠినముగా మాటలాడినవి. ఆపత్కాలమున వర్తకము చేయవలసివచ్చిన బ్రాహ్మణుడు అమ్మగూడని వస్తువులలో మనువు వండిన అన్నమును చేర్చెను. భారతమున అరణ్యపర్వమందు మార్కండేయుడు కలియుగ లక్షణములు చెప్పుచు, జనపదములలో అన్నము అమ్మకపు సరుకగుట ఒక లక్షణమని చెప్పెను. అన్నము పరబ్రహ్మస్వరూపమని నమ్మిన జాతికి దానిని తూచి వెలకట్టుట సహింపరానిదాయెను. ఆ భావము గొప్పదే. కాని ఆ భావమువలన పరదేశి ఆకలి తీరదుగదా!

పెట్టినవారు, అమ్మినవారు

అన్నమును ఊరక పెట్టినవారి చరిత్రయు మన ప్రాంతమున మహోజ్జ్వలముగా నున్నది. మన ఊరికి ఎగువన, కృష్ణకు ఇదే ఒడ్డున, మందడము చెంత మల్కాపురమను గ్రామమున్నది. అచ్చటి నందిస్తంభముపై 1261 నాటి గొప్ప శాసనమున్నది. రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యుడు గోళకీమఠమునకు సంబంధించి అచ్చట విద్యాలయమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను, అన్నసత్రమును నెలకొల్పెను. మందడము, వెలగపూడి గ్రామములు వాని నిర్వహణమునకు దానముగా నొసగబడినవి. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారందరికిని అన్నము పెట్టవలెనని శాసనము. వేదములు, శాస్త్రములు చెప్పు గురువులతోపాటు ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడును అచ్చట నియుక్తులైరి. ఏడున్నర శతాబ్దముల క్రిందట మా వృత్తివాడొకడు ఆ సత్రపు ధాన్యపు లెక్కలు చూచెనని తలచినపుడు నాకు కలుగు సంతోషము చెప్పనలవి కాదు.

దాత పేరు శిలపై నిలిచినది. అది న్యాయమే. మొన్నమొన్నటి వరకు జీవించిన డొక్కా సీతమ్మగారి కథయు అట్టిదే. 1841లో జన్మించి 1909లో కీర్తిశేషురాలైన ఆ తల్లి గోదావరి లంకలలోని గన్నవరమున వేళగాని వేళనైనను వచ్చినవారికి అన్నము పెట్టి అపర అన్నపూర్ణ అనిపించుకొనెను. మన రాష్ట్ర ప్రభుత్వము 2024లో పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది.

అయితే సత్రమునకు మాన్యములు కావలెను, దాత కావలెను. దాత లేని ఊరిలో, సత్రము లేని వీథిలో, ఆకలిగొన్నవానిని కాచినది పూటకూటిల్లే. ఊరక తిన్నవాడు తలవంచుకొని లేచును. వెల యిచ్చి తిన్నవాడు ఇంకొక గరిటె వేయుమని అడుగుటకు సంకోచింపడు. ఆ గౌరవమును పరదేశికి ఇచ్చినది ఆ రూకయే. కాని అమ్మినవారి పేరు శిలపైకెక్కలేదు.

ఇంగ్లండు దేశమున ఇట్టిదే యొక ఇల్లుండెను. లండను నగరమున కెదురుగా థేమ్సు ఆవలి ఒడ్డున సదర్క్ పేటలో టాబర్డ్ అను పానశాలయు వసతిగృహమును గలదు. 14వ శతాబ్దపు తుదిలో చాసర్ మహాకవి తన కాంటర్‌బరీ కథల యాత్రికులను ఆ ఇంటినుండియే బయలుదేరదీసెను. ఆ ఇంటి యజమాని హ్యారీ బెయిలీని కథలో పెద్దమనిషిగా నిలిపెను. ఆ బెయిలీ కల్పితపాత్ర కాదనియు, నాటి పన్ను పద్దులలో వసతిగృహము నడపువాడుగా నమోదైయున్నాడనియు, సదర్క్ తరఫున పార్లమెంటులో కూర్చుండెననియు అచ్చటి చరిత్రకారులు కనుగొనిరి. ఆ భవనము 1676లో అగ్నికి ఆహుతియై, తిరిగి కట్టబడి, 19వ శతాబ్దమున కూల్చబడినది. ఇల్లు పోయినను యజమాని పేరు పద్యమునందును పద్దునందును గూడ నిలిచినది. మన లక్ష్మణవజ్ఝలకు పద్యమే గాని పద్దు లేదు. ఓరుగంటిలో నేడు కీర్తితోరణములున్నవి, స్వయంభూదేవాలయ శిథిలములున్నవి, మట్టికోట గట్టు ఉన్నది. పూటకూటిల్లు ఏ వీథిలో నుండెనో చెప్పగలవారు లేరు.

పూటకూళ్ళమ్మలు

ఓరుగల్లు పోయినను ఆ వృత్తి పోలేదు. పట్టణములు మారిన కొలది పూటకూటిల్లును వానివెంట నడచినది. కుంఫిణీవారి కాలమున తాలూకా కచేరీలు, జిల్లా కోర్టులు, ఇంగ్లీషు పాఠశాలలు ఏర్పడిన ఊళ్ళలో అది తిరిగి వర్ధిల్లినది. వ్యాజ్యమునకు వచ్చిన రైతు, జమాబందీకి దస్త్రము మోసికొనివచ్చిన కరణము, చదువుకొను బాలుడు - వీరు నూతన పరదేశులు. బీదబాలురు కొందరు వారములు చేసికొని, అనగా దినమునకొక ఇంట తిని, చదువుకొనిరి. వారములు కుదరనివారికి పూటకూటిల్లే గతి.

మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగియగు ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చి, దారిలోని మజిలీల నన్నింటిని గూర్చి వ్రాసిరి. ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. ఎచ్చట నీరు మంచిది, ఎచ్చట అంగళ్ళున్నవి, ఎచ్చట దిగుటకు వసతి కలదు అనునవి ఆయన శ్రద్ధతో గుర్తించిరి. డేరాలు, పరివారము వెంటగల ఆయనకే దారిలో అంత జాగ్రత్త అవసరమైనచో, మూటయొక్కటి భుజాన వేసికొని నడచినవానికి వండిపెట్టు ఇల్లు ఎంతటి భాగ్యమో ఊహింపుడు.

ఈ కాలముననే ఇంటి యజమాని స్థానమున ఇల్లాలు కానవచ్చును. ఆ ఇల్లాలు తరచుగా భర్తను గోల్పోయిన స్త్రీ. దీనికి కారణము లెక్కలో నున్నది. ఉమ్మడి కుటుంబమున భర్త చనిపోయిన స్త్రీకి ఆస్తిలో భాగము లేదు, మనోవర్తి మాత్రమే. ఆ మనోవర్తియు ఇచ్చువారి దయను బట్టి వచ్చును. 1856లో వితంతు వివాహము శాసనసమ్మతమైనను ఆచారము అంగీకరింపలేదు. భర్త భాగముపై ఆమెకు హక్కు కొంతైనను కలిగించిన చట్టము 1937లో వచ్చినది. సంపూర్ణ హక్కు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వలన కలిగినది. అంతవరకు ఆమె చేతిలోని ఆస్తి ఏది? వంట యొక్కటే. ఆ విద్యను నమ్ముకొని పరుల యింట దాసి గాక, తన పొయ్యి తానే వెలిగించుకొని బ్రతికిన స్త్రీ పూటకూళ్ళమ్మ.

ఆమెకు శాశ్వతత్వము కల్పించినవారు గురజాడ అప్పారావుగారు. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరిగి వ్రాయబడినది. అందలి గిరీశము సంతలో సామాను కొనిపెట్టెదనని చెప్పి పూటకూళ్ళమ్మ యొద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని మధురవాణికి ఖర్చుచేయును. ఆ రూపాయలకై ఆమె చీపురుకట్ట పట్టుకొని వచ్చినపుడు ప్రేక్షకులు పగలబడి నవ్వుదురు. నేనును నవ్వితిని. కాని పద్దువేసి చూడుడు. ఆ కాలమున ఇరువది రూపాయలనగా ఎన్ని విస్తళ్ళ కష్టము! ఎన్ని బిందెల నీరు, ఎన్ని మోపుల కట్టెలు, ఎన్ని తెల్లవారుజాముల పొగ! ఆ నాటకమున పొట్టకూటికి శ్రమించినదామె, మోసపోయినదామె, అపవాదు మోసినదియు ఆమెయే. అంత గొప్ప నాటకమున ఆమెకు పేరు లేదు, పూటకూళ్ళమ్మ యనియే పిలుపు. మహాకవి లోకమును ఉన్నదున్నట్లు చూపెను. ఊరును ఆమెను అట్లే పిలిచినది.

అస్తమయము

బెజవాడనుండి మద్రాసునకు 1899లో రైలుదారి పూర్తియైనది. గుంటూరునుండి తెనాలిమీదుగా రేపల్లెకు 1916లో రైలు వచ్చినది. ఉదయము పోయి కచేరీపని చూచుకొని రాత్రికి ఇల్లు చేరుటకు వీలుకలుగగా, పట్టణమున నాలుగుదినములు నిలుచు అవసరము తగ్గినది. స్టేషనుల చెంత కాఫీహోటళ్ళు వెలసినవి. కాఫీహోటలు వేళాపాళా చూడదు, ఊరుపేరు అడుగదు. పిమ్మట విద్యార్థి వసతిగృహములు, మెస్సులు వచ్చినవి. స్వరాజ్యము వచ్చిన తరువాత ఒక్కొక్కటిగా పూటకూళ్ళ యిండ్లు మూతపడినవి. ఆ మాటయు నేటి బాలురకు తెలియకుండబోయినది.

నేను జమ వైపున మాత్రమే వ్రాసి ఊరకుండినచో లెక్క తప్పగును. ఖర్చు వైపున పెద్దపద్దు ఒకటున్నది. పూటకూటిల్లు అందరిది కాదు. ఏ కులమువారు ఏ ఇంట తినవలెను, ఎవరు వాకిట, ఎవరు లోపల, ఎవరు అసలే రాగూడదు అను కట్టుబాటులు దాని గడపకు వ్రేలాడుచుండెను. చేతిలో రూక యుండియు తినుటకు ఇల్లు లేక ఆకలితో తిరిగిపోయిన మనుష్యుని పేరును ఏ కవియు చెప్పలేదు. మల్కాపురపు సత్రము 1261లో అందరికిని తెరచిన తలుపును, వెలకు అమ్ము ఇల్లు అందరికిని తెరువలేదు. అంగళ్ళలో, భోజనశాలలలో జాతిమతకులములను బట్టి ఎవరిని అడ్డగింపరాదని 1950లో మన రాజ్యాంగపు 15వ అధికరణము నిషేధించినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము దానికి శిక్షను చేర్చినది. నేడు తెనాలి బజారులో ఎవరైనను ఏ హోటలులోనైనను కూర్చుండి తినుట మనము గుర్తింపని గొప్ప మార్పు. పాతదానిని తలచుకొనునపుడు ఈ మార్పును మరచుట కృతఘ్నత యగును.

ఖర్చు తీసివేసిన తరువాతను నిలువ మిగులుచున్నది. ధర్మశాస్త్రము నిందించినను, కావలివాడు అనుమానించినను, కవి పరిహసించినను, రెండువేల యేండ్లకు పైగా ఎవరో యొకరు తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసి, తమకేమియు కాని పరదేశికి వేడి అన్నము వడ్డించుచునే వచ్చిరి. పట్టణములు పెరిగినది, విద్యలు సాగినది, వర్తకము నడచినది వారి విస్తళ్ళ మీదనే. దాతలను కీర్తించు మన నోటికి వీరిని గూడ గౌరవించు శక్తి రావలెను.

ఒక మనవి

వారి చరిత్ర దొరుకకుండుటకు మూలకారణము వారికి పద్దుపుస్తకములు లేకుండుట. చదువు నేర్పబడని స్త్రీ లెక్కను ఎట్లు ఉంచుకొనును? మన ఊళ్ళలో పాలలెక్కకు గోడమీద బొగ్గుతో గీతలు గీసినట్లే ఆమెయు గీసికొనియుండును. పండుగకు గోడకు సున్నము కొట్టగానే ఆ చరిత్ర చెరిగిపోయినది.

కావున చందాదారులకును, పెద్దలకును ఒక మనవి. చదువుకొను దినములలో తెనాలిలోనో, గుంటూరులోనో, బెజవాడలోనో తమకు వండిపెట్టిన అమ్మ పేరు మీ యింటి వృద్ధులలో ఎవరికైనను జ్ఞప్తియున్నచో అడిగి తెలిసికొనుడు. ఆమె పేరు, ఆ వీథి పేరు, పూటకు ఎంత పుచ్చుకొనెడిదో, అప్పు ఎన్నినాళ్ళు ఆగెడిదో, ఏ కూర బాగుగా వండెడిదో ఒక కాగితముపై వ్రాసి మన గ్రంథాలయమున ఇండు. అది గొప్ప రచన కానక్కరలేదు, నాలుగు పంక్తులైనను చాలును. ఆ కాగితములను ఒక దస్త్రముగా కుట్టి బీరువాలో నుంచుటకు నేను పూనుకొనెదను. లక్ష్మణవజ్ఝల పేరు ఒక్క పద్యమువలన ఇన్ని శతాబ్దములు నిలిచినది. మన ప్రాంతపు పూటకూళ్ళమ్మల పేర్లు నిలుపుటకు కవులే రానక్కరలేదు, ఒక కలమును ఒక బీరువాయును ఉన్నచో చాలును. ఆ రెండును మన గ్రంథాలయమున నున్నవి.

ఇరువదియైదు వత్సరములు ఊరివారి జ్ఞానపు ఆకలి తీర్చిన ఈ సంస్థ స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును గూడ కన్నులపండువుగా జరుపుకొనుగాక యని కోరుచు విరమించుచున్నాను.